మొదటి 60 అడుగులు: డ్రాగ్ రేసులో టైరు పట్టు ఎలా కుదురుతుంది?

డ్రాగ్ రేసు అంటే నిలబడి ఉన్న బండి తిన్నటి ట్రాక్ మీద కొద్ది దూరాన్ని ఎంత త్వరగా దాటుతుందన్న పందెం. అందులో టైర్లలో గాలి తగ్గిస్తే బండి మొదటి గీత దగ్గర నుంచి బాగా దూకుతుందన్న మాట వాహనాల వీడియోలు చూసేవాళ్లలో బాగా పాకింది. ఒకరు 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంటారు, ఇంకొకరు 22 అంటారు, అమెరికాలో పెద్ద డ్రాగ్‌స్టర్లు (ఈ రేసుకే కట్టిన కార్లు) నడిపేవాళ్లు 7 దగ్గరే ఉంచుతారని మరొకరు చెబుతారు. ఇవన్నీ నిజమే కావచ్చు. చిక్కల్లా ఏమిటంటే, జనంలోకి వెళ్లేది అంకె ఒక్కటే. అది ఏ టైరుకు, ఎంత బరువున్న బండికి, ఎలాంటి ట్రాక్ మీద, ఎంత ఎండలో సరిపోయిందన్న వివరం దాంతో పాటు వెళ్లడం లేదు. ఆ వివరం లేకుండా అంకెను మాత్రమే తెచ్చుకుని తమ బండికి పెట్టుకుంటే పట్టు పెరగకపోగా తగ్గే అవకాశమే ఎక్కువ.

క్లుప్తంగా: లాంచ్‌లో, అంటే గీత దగ్గర నుంచి బండి దూకే క్షణంలో, పట్టు అనేది టైరు ఒక్కదాని గుణం కాదు. రబ్బరు వేడి, నేల జిగురు, టైరు మీద పడే బరువు, చక్రానికి టార్క్ (తిప్పే బలం) అందే వేగం, ఈ నాలుగూ కలిస్తే వచ్చే ఫలితం. గాలి ఒత్తిడి ఆ నాలుగింటినీ ఒకదానితో ఒకటి సర్దే మీట లాంటిది. అందుకే దానికి అందరికీ పనికొచ్చే అంకె లేదు. టైరును అసలు జారకుండా ఆపడం కూడా లక్ష్యం కాదు, సరిగ్గా కావలసినంతే జారనివ్వాలి.

హద్దు ఇంజిన్‌ది కాదు, టైరుది

అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) ఈ క్రీడకు పెద్ద దిక్కు. సంప్రదాయ డ్రాగ్ రేసు దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. పరుగు ముగిశాక చేతికిచ్చే టైమ్ స్లిప్‌లో 60, 330, 660, 1000, 1320 అడుగుల దగ్గర పట్టిన సమయాలు వరసగా ఉంటాయి. బండిని ట్యూన్ చేసేవాళ్లు ముందుగా చూసేది 60 అడుగుల అంకెనే. అక్కడ 0.1 సెకను ఆదా అయితే పావు మైలు చివరికి అది 0.15 నుంచి 0.2 సెకన్ల దాకా పెరుగుతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. ముందే వేగం అందుకున్న బండి మిగతా దూరమంతా ఆ వేగం మీదే మొదలుపెడుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1500 కిలోల కారు, ఇంజిన్ వెనక చక్రాలను తిప్పుతుంది. నిలబడి ఉన్నప్పుడు ముందూ వెనకా బరువు సమానం. వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2.7 మీటర్లు, గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంది. ఇంజిన్ టార్క్ 400 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (చక్రాల ముందున్న చివరి గేరు) 3.7. దారిలో 10 శాతం నష్టపోయినా, 33 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టైర్ల దగ్గర దాదాపు 14,000 న్యూటన్ల తోపుడు బలం తయారవుతుంది. మామూలు రోడ్డు టైరుకు పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 1 దగ్గర ఉంటుంది. ఆ టైరుతో ఈ కారు నేలకు అందించగలిగేది దాదాపు 9,000 న్యూటన్లే. మిగిలిన బలమంతా చక్రాలు ఉన్నచోటే తిరగడానికి ఖర్చవుతుంది. కారు 0.61 జీ త్వరణంతో (1 జీ అంటే భూమి గురుత్వ త్వరణం) కదులుతుంది, 60 అడుగులకు రెండున్నర సెకన్లు పడుతుంది.

టైరు మార్చి గుణకాన్ని 1.5కు తెస్తే, అందుకు తగినంత బలమైన ఇంజిన్ కూడా ఉందనుకుంటే (14,000 న్యూటన్లు 0.96 జీకే సరిపోతాయి), త్వరణం 1.04 జీ అవుతుంది. మంచి డ్రాగ్ టైరు, జిగురున్న ట్రాక్ కలిసి గుణకం 2కు చేరితే 1.59 జీ. అప్పుడు 60 అడుగులకు పట్టేది ఒకటిన్నర సెకను. పట్టు రెట్టింపైతే త్వరణం రెట్టింపు కంటే ఎక్కువే పెరిగింది, 2.6 రెట్లు. కారు ముందుకు దూకేటప్పుడు దాని బరువు వెనక చక్రాల మీదకు వాలుతుంది. బరువు పడితే పట్టు పెరుగుతుంది, పట్టు పెరిగితే త్వరణం పెరుగుతుంది, త్వరణం పెరిగితే ఇంకాస్త బరువు వెనక్కి వాలుతుంది. టైరు ట్యూనింగ్‌లో చిన్న మార్పులకు పెద్ద ఫలితం రావడానికి కారణం ఈ గొలుసే. ఇదే గొలుసు తిరగబడితే నష్టం కూడా అంత వేగంగానే వస్తుంది. చక్రం ఒక్కసారి పట్టు వదిలిందా, త్వరణం పడిపోతుంది, వెనక్కి వాలిన బరువు తిరిగి ముందుకు పోతుంది, ఉన్న పట్టు కూడా జారుతుంది.

ముందు చక్రాలు నడిపే కారులో ఈ లెక్క తలకిందులు. అదే బరువు, అదే కొలతలతో గుణకం 1 దగ్గర 0.42 జీ, గుణకం 2 దగ్గర కూడా 0.73 జీయే వస్తుంది. లాగాల్సిన చక్రాల మీద నుంచే బరువు తప్పుకుంటుంది కదా. మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ భాగం ఈ రకమే. వెనక చక్రాల బండికి కుదిరిన సలహాను వాటికి యథాతథంగా వర్తింపజేయడం వల్లే సగం గందరగోళం వస్తోంది.

రబ్బరు నేలను ఎలా పట్టుకుంటుంది

బళ్లో చదువుకున్న ఘర్షణ సూత్రం ప్రకారం తాకే వైశాల్యంతో పని లేదు, బరువు, గుణకం ఉంటే చాలు. గుణకం 1 దాటదని కూడా చాలామంది అనుకుంటారు. రబ్బరు విషయంలో ఈ రెండూ నిలబడవు. రబ్బరు పట్టులో రెండు పెద్ద వాటాలున్నాయి. ఒకటి అంటుకోవడం: మెత్తని రబ్బరు నేల ఉపరితలానికి అణువుల స్థాయిలో అతుక్కుని, విడిపోతూ, మళ్లీ అతుక్కుంటుంది. రెండోది లోపలి రూపం మార్పు: కంకర రాళ్ల గరుకు మొనల మీద రబ్బరు నొక్కుకుపోయి తిరిగి లేచేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది, ఆ నిరోధమే పట్టుగా పనిచేస్తుంది. నున్నగా, జిగురుగా తయారు చేసిన డ్రాగ్ ట్రాక్ మీద మొదటి వాటాదే పైచేయి. గరుకు తారు రోడ్డు మీద రెండోది ఎక్కువ పనిచేస్తుంది. రోడ్డు మీద అద్భుతంగా పట్టే టైరు ట్రాక్ మీద తేలిపోవడం, ట్రాక్ టైరు రోడ్డు మీద అంతగా రాణించకపోవడం చూసి జనం ఆశ్చర్యపోతుంటారు. కారణం ఇక్కడుంది.

ఇంకో సంగతి. రబ్బరు మీద ఒక చోట ఒత్తిడి పెరిగేకొద్దీ దాని ఘర్షణ గుణకం తగ్గుతుంది. అదే బరువును ఎక్కువ వైశాల్యం మీద పరిస్తే మొత్తం పట్టు పెరుగుతుంది. వెడల్పాటి టైర్లు వాడటానికీ, గాలి తగ్గించడానికీ అసలు ఆధారం ఇదే.

జారుడు సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. చక్రం తిరిగే వేగానికీ బండి కదిలే వేగానికీ కొంచెం తేడా లేకుండా టైరు తోపుడు బలాన్ని ఇవ్వలేదు. మామూలు టైరు సుమారు 10 నుంచి 20 శాతం జారుడు దగ్గర తన గరిష్ఠ బలాన్ని ఇస్తుంది. డ్రాగ్ స్లిక్కులు (గాళ్లు లేని నున్నటి టైర్లు) అంతకంటే ఎక్కువ జారుడును కూడా తట్టుకుని పని చేస్తాయి. ఆ శిఖరం దాటితే బలం తగ్గడం మొదలవుతుంది. కాబట్టి పొగలు కక్కే లాంచ్ ఎంత తప్పో, చక్రం అసలు జారకుండా ఇంజిన్ గొంతు నొక్కేసే లాంచ్ కూడా అంతే తప్పు.

గాలి ఒత్తిడి: తగ్గిస్తే ఏమవుతుంది, ఎక్కడ ఆగాలి

ఒక టైరు మీద 500 కిలోల బరువుందనుకుందాం. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) బిగువును పక్కన పెడితే, ఆ బరువును మోసేది లోపలి గాలే. 30 పీఎస్ఐ దగ్గర నేలను తాకే వైశాల్యం దాదాపు 237 చదరపు సెంటీమీటర్లు. 15 పీఎస్ఐకి దించితే లెక్క ప్రకారం 474 కావాలి. నిజానికి అంత పెరగదు, ఎందుకంటే సైడ్‌వాల్ కూడా కొంత బరువు మోస్తుంది. సైడ్‌వాల్ గట్టిగా ఉన్న టైరులో ఈ లాభం ఇంకా తక్కువ. టైరు వెడల్పు మారదు కాబట్టి పెరిగేదంతా ముందు వెనకల పొడవే. లాంచ్‌కు కావలసిందీ అదే.

ఒక హద్దు దాటాక కథ మారుతుంది. గాలి మరీ తగ్గితే ట్రెడ్ (టైరులో నేలను తాకే పట్టీ) మధ్య భాగాన్ని నేలకు నొక్కి ఉంచే బలం చాలదు. మధ్య భాగం లోపలికి కుంగుతుంది, బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. వైశాల్యం పెరిగినట్టు కనిపిస్తుంది, పని చేసే వైశాల్యం మాత్రం తగ్గిపోతుంది. టార్క్ దెబ్బకు టైరు రిమ్ము మీదే జారిపోయే ప్రమాదం ఇంకొకటి. అందుకే శక్తి ఎక్కువున్న బళ్లలో టైరు బీడ్‌ను (రిమ్ముకు ఆనే అంచును) రిమ్ముకు స్క్రూలతో బిగించడమో, బీడ్‌లాక్ (ఆ అంచును పట్టి ఉంచే రింగు) వాడటమో చేస్తారు. ఇక పావు మైలు చివర్లో, వేగం బాగా పెరిగాక, గాలి తక్కువున్న టైర్ల మీద కారు వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. లాంచ్‌లో దొరికిన పదో వంతు సెకను కోసం చివరి గీత దగ్గర స్థిరత్వాన్ని పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు.

వాడుకలో ఉన్న అంకెల శ్రేణి స్థూలంగా ఇలా ఉంటుంది (బయాస్, రేడియల్ అనే రెండు టైరు రకాల సంగతి తర్వాతి భాగంలో వివరంగా ఉంది). సంప్రదాయ బయాస్ స్లిక్కులు 10 నుంచి 18 పీఎస్ఐ మధ్య, కారు బరువును బట్టి. డ్రాగ్ రేడియల్స్ 15 నుంచి 20 మధ్య. మామూలు రోడ్డు రేడియల్స్‌ను 20కి దిగువకు దించడం వల్ల ఒరిగేది చాలా తక్కువ, పోయేది ఎక్కువ. ముందు టైర్లకు మాత్రం, వెనక చక్రాల బండి అయితే, గాలి బాగా ఎక్కిస్తారు. వాటి పని దొర్లడమే, ఎంత గట్టిగా ఉంటే అంత తేలిగ్గా దొర్లుతాయి.

ఇంత తక్కువ ఒత్తిళ్ల దగ్గర చిన్న తేడా కూడా పెద్దదే. 30లో ఒక పీఎస్ఐ ఎవరూ పట్టించుకోరు. 15లో ఒక పీఎస్ఐ అంటే దాదాపు ఏడు శాతం. అందుకే సవరణలు అర పీఎస్ఐ చొప్పున జరుగుతాయి. 60 పీఎస్ఐ దాకా చూపించే పంచర్ షాపు గేజ్ ఇక్కడ పనికిరాదు, తక్కువ శ్రేణి గేజ్ కావాలి. ఒక్క గేజ్‌నే ఎప్పుడూ వాడాలి, ఎందుకంటే రెండు గేజ్‌లు ఒకే మాట చెప్పడం అరుదు.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. 15 పీఎస్ఐ దగ్గర ఉన్న టైరులో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. వరసలో నిలబడి ఎదురుచూసే కారుకు ఒక పక్క ఎండ, ఇంకో పక్క నీడ పడితే రెండు వెనక టైర్లలో గాలి వేరువేరుగా మారుతుంది. అనుభవమున్నవాళ్లు ఎండ పక్క టైరు మీద గుడ్డ కప్పడం వెనక ఈ లెక్కే ఉంది. గాలి బదులు నైట్రోజన్ నింపితే ఇది ఉండదన్న నమ్మకం సరికాదు. పొడి నైట్రోజన్ కూడా వేడికి దాదాపు అంతే వ్యాకోచిస్తుంది. తేమ లేకపోవడం వల్ల కాస్త నిలకడ దొరుకుతుంది, అంతే.

బయాస్ స్లిక్కు, రేడియల్: రెండు స్వభావాలు

1950ల్లో అమెరికా రేసర్లు అరిగిన టైర్ల మీద మెత్తని రబ్బరు రీట్రెడింగ్ చేయించుకుని వాడేవారు. ఆ దశాబ్దం చివర్లో మార్విన్ రిఫ్కిన్ నడిపిన ఎం అండ్ హెచ్ సంస్థ డ్రాగ్ రేసు కోసమే ప్రత్యేకంగా టైర్లు తయారు చేయడంతో పరిస్థితి మారింది. అప్పట్లో పెద్ద డ్రాగ్‌స్టర్లు పావు మైలు పొడవునా టైర్ల నుంచి పొగ వదులుతూనే వెళ్లేవి. చూడటానికి గొప్పగా ఉండేది, కానీ ఆ పొగంతా వృథా అయిన శక్తే. 1960ల ద్వితీయార్ధంలో రెండు మార్పులు వచ్చాయి: ముడతలు పడే మెత్తని సైడ్‌వాల్ ఉన్న స్లిక్కు, జారుతూ క్రమంగా పట్టుకునే క్లచ్. జారుడు టైరు నుంచి క్లచ్‌కు మారింది. ఈ క్రీడలో అత్యంత వేగమైన తరగతి అయిన ఈనాటి టాప్ ఫ్యూయల్ కార్లకు కూడా పునాది ఇదే.

బయాస్ స్లిక్కులో దారపు పొరలు ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా ఉంటాయి. లాంచ్‌లో రిమ్ము ముందు తిరుగుతుంది, సైడ్‌వాల్ ముడతలు పడి మెలితిరుగుతుంది, ఆ తర్వాతే ట్రెడ్‌కు బలం చేరుతుంది. టార్క్ దెబ్బ ఒక్కసారిగా కాకుండా కాస్త సాగి అందుతుందన్నమాట. పైగా ముడత పడినప్పుడు టైరు వ్యాసార్ధం తగ్గుతుంది, గేరు ఇంకొంచెం తగ్గినట్టు పనిచేస్తుంది. వేగం పెరిగాక అపకేంద్ర బలానికి టైరు ఉబ్బి ఎత్తు పెరుగుతుంది, అప్పుడు పై గేరు వేసినట్టు. గేర్లు మార్చే అవకాశమే లేని టాప్ ఫ్యూయల్ కారుకు 36 అంగుళాల వెనక టైర్లే ఆ పని చేసిపెడతాయి. బయాస్ స్లిక్కుకు ఇంకో మంచి గుణం క్షమించడం: కొంచెం జారినా మళ్లీ పట్టు దొరకబుచ్చుకుంటుంది.

రేడియల్‌లో దారాలు అడ్డంగా ఒకే దిశలో ఉంటాయి, ట్రెడ్ కింద స్టీలు బెల్టు ఉంటుంది. సైడ్‌వాల్ అంతగా ముడత పడదు, ట్రెడ్ వేగానికి పెద్దగా ఉబ్బదు. దొర్లే నిరోధం తక్కువ కాబట్టి చివర్లో వేగం ఎక్కువ వస్తుంది, పై వేగాల్లో కారు నిలకడగా ఉంటుంది. కానీ దాని జారుడు పరిధి ఇరుకు. పట్టులో ఉన్నంతసేపు గట్టిగా పడుతుంది, ఒక్కసారి వదిలిందంటే యాక్సిలరేటర్ తీసేదాకా తిరిగి రాదు. అందుకే స్లిక్కు మీద బాగా పరుగెత్తిన కారుకు రేడియల్స్ బిగించి అదే క్లచ్, అదే షాక్ సెట్టింగ్‌తో వదిలితే ఫలితం నిరాశపరుస్తుంది. రేడియల్‌కు మొదటి క్షణంలో టార్క్ మెల్లగా అందాలి, తర్వాత పెంచుకుంటూ పోవాలి.

అన్నట్టు, రెండు వెనక టైర్ల చుట్టుకొలతలు కూడా కొలిచి చూడాలి. వెనక యాక్సిల్ పూర్తిగా లాక్ అయి ఉండే కారులో ఒక టైరు కొన్ని మిల్లీమీటర్లు పెద్దదైనా కారు రెండో పక్కకు లాగుతుంది. ఒకే సైజు ముద్ర ఉన్న బయాస్ స్లిక్కుల్లో కూడా ఈ తేడా రావచ్చు.

బర్న్‌అవుట్, ట్రాక్

గీత దగ్గరకు వచ్చే ముందు చక్రాలను నీటి మడుగులో తడిపి అక్కడే తిప్పడాన్ని బర్న్‌అవుట్ అంటారు. అది కేవలం ప్రదర్శన కాదు. మూడు పనులు జరుగుతాయి: టైరుకు అంటుకున్న ఇసుక, చెత్త రాలిపోతాయి, ఎండకు గట్టిపడిన పై పొర పోతుంది, రబ్బరు వేడెక్కి మెత్తబడుతుంది. నీళ్లు చక్రం తేలిగ్గా తిరగడం మొదలుపెట్టడానికే. నీళ్లు ఆరాక తిరగడంలోనే అసలు వేడి పుడుతుంది. బయాస్ స్లిక్కుకు సన్నని పొగ మొదలయ్యేదాకా తిప్పితే చాలు. డ్రాగ్ రేడియల్‌కు అంతకంటే తక్కువే కావాలి. రోడ్డు టైరుకు చాలాసార్లు బర్న్‌అవుట్ మేలు చేయదు, దాని రబ్బరు అంత వేడికి జిడ్డుగా మారుతుంది. పైగా దాని గాళ్లలో నిలిచిన నీళ్లు గీత దగ్గర కారతాయి.

ప్రతి వేడికీ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది. ట్రెడ్ మిగిలి ఉన్నా, కొన్నాళ్లు వాడిన స్లిక్కు పాత పట్టు ఇవ్వదు. రబ్బరు కాఠిన్యం కొలిచే డ్యూరోమీటర్‌ను రేసర్లు దగ్గర పెట్టుకునేది ఇందుకే.

ఇక నేల. డ్రాగ్ ట్రాక్‌లో గీత దగ్గరి నేల మామూలు నేల కాదు. చాలాచోట్ల కాంక్రీటు పరిచి, దాని మీద రబ్బరు పొర ఎక్కించి, పీజే1 ట్రాక్‌బైట్ లాంటి జిగురు రసాయనం చల్లుతారు. అమెరికాలో డాలస్ దగ్గర ఎనిస్‌లో 1986లో మొదలైన టెక్సస్ మోటర్‌ప్లెక్స్ పావు మైలు మొత్తం కాంక్రీటుతో వేసిన ట్రాక్‌గా పేరు తెచ్చుకుంది. 1988లో ఎడ్డీ హిల్ మొదటిసారి అయిదు సెకన్లలోపు, 4.990 సెకన్లలో, పావు మైలు పూర్తి చేసింది అక్కడే. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ వేలాది తెలుగువాళ్లకు ఇది కారులో వెళ్లొచ్చేంత దూరం.

ఆ జిగురుకు కూడా ఒక పరిధి ఉంది. చల్లటి నేల మీద రబ్బరు అతుక్కోదు. ఎండకు ట్రాక్ 50 డిగ్రీల సెల్సియస్ దాటిపోతే పై పొర మెత్తబడి జిడ్డులా జారుతుంది. పొద్దున పనిచేసిన సెట్టింగ్ మధ్యాహ్నం తేలిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. అప్పుడు గాలి తగ్గించడం కంటే లాంచ్‌లో టార్క్ తగ్గించడమే సరైన మందు.

ప్రకటనల్లో వచ్చే సెకన్ల లెక్కలు కూడా నేల మీదే ఆధారపడి ఉంటాయి. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌ను మోటర్‌ట్రెండ్ పత్రిక పరీక్షించినప్పుడు జిగురు చల్లిన ట్రాక్ మీద గంటకు 60 మైళ్ల వేగానికి 1.98 సెకన్లు వచ్చాయి, మామూలు నేల మీద 2.07. ఈ అంకెల్లో మొదటి అడుగు దూరానికి పట్టిన సమయం కలవదు. డ్రాగ్ ట్రాక్‌లో టైరు కాంతి కిరణం దాటి కొంచెం కదిలాకే గడియారం మొదలవుతుంది, ఆ పద్ధతినే ఇక్కడా పాటించారు. కాబట్టి రెండు కార్ల అంకెలు పోల్చేముందు నేల ఏమిటో, మొదటి అడుగు కలిపారో లేదో చూడాలి.

షాకులు, టార్క్

బరువు వెనక్కి వాలుతుందని చెప్పుకున్నాం. ఎంత వాలుతుందన్నది త్వరణం, గురుత్వ కేంద్రం ఎత్తు, వీల్‌బేస్ తేలుస్తాయి. ఎంత త్వరగా వాలుతుందన్నది మాత్రం షాక్ అబ్జార్బర్ల చేతిలో ఉంది. ముందు షాకులు తేలిగ్గా సాగితే కారు ముక్కు త్వరగా లేస్తుంది, వెనక టైరు మీద బరువు త్వరగా పడుతుంది. వెనక షాకులు మరీ మెత్తగా ఉంటే టైరు మీద దెబ్బలా పడి, తిరిగి ఎగిరి పట్టు వదులుతుంది. మరీ గట్టిగా ఉంటే బరువు సాఫీగా చేరదు. స్లిక్కుకు కొంత దెబ్బ పనికొస్తుంది, రేడియల్‌కు నిదానం కావాలి. వెనక యాక్సిల్ ఒకే గొట్టంగా ఉన్న కార్లలో డ్రైవ్‌షాఫ్ట్ మెలి వల్ల కుడి వెనక చక్రం మీద బరువు తగ్గుతుంది. నేల మీద టైర్లు వదిలిన మరకల్లో ఎడమది ముదురుగా, కుడిది వెలిసినట్టు కనిపిస్తే గాలి కంటే ముందు సస్పెన్షన్ వైపు చూడాలి.

ఫ్యాక్టరీ నుంచే డ్రాగ్ రేసుకు సిద్ధమై వచ్చిన డాడ్జ్ డీమన్ ఈ మొత్తం వ్యవస్థకు చక్కటి నమూనా. 2018 మోడల్‌కు 840 హార్స్‌పవర్, నిట్టో డ్రాగ్ రేడియల్ టైర్లు, లాంచ్‌లో 1.8 జీ, పావు మైలు 9.65 సెకన్లు అని కంపెనీ ప్రకటించింది. 2023లో వచ్చిన డీమన్ 170లో ఇథనాల్ కలిసిన ఈ85 ఇంధనం మీద 1025 హార్స్‌పవర్, 2.004 జీ, 8.91 సెకన్లు. శక్తి పెరిగిందన్న వార్తే అందరికీ చేరింది. దాంతో పాటు జరిగిన ఇంకో మార్పు అంతే ముఖ్యం: వెనక రిమ్మును 18 అంగుళాల నుంచి 17కు తగ్గించి, ఎత్తయిన సైడ్‌వాల్ ఉన్న మిక్కీ థాంప్సన్ టైరు వేశారు. ముందు టైర్లు సన్నగా మారాయి. షోరూముల్లో రిమ్ము పెద్దదైతే గొప్ప అనుకుంటాం. డ్రాగ్ రేసులో రిమ్ము చిన్నదై రబ్బరు ఎత్తు పెరగడమే మేలు.

ఇంకో చివర టాప్ ఫ్యూయల్. 11,000 హార్స్‌పవర్ దాటిన ఆ కార్లలో ట్రాక్షన్ కంట్రోల్‌కు (చక్రం జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటుకు) నిబంధనలు ఒప్పుకోవు. ఎప్పుడు ఎంత క్లచ్ పట్టాలో ముందుగానే టైమర్లతో పెట్టి పంపిస్తారు. 60 అడుగులు ఒక సెకనులోపే అయిపోతాయి, ఆలోపు డ్రైవరు సరిదిద్దడానికి సమయం ఉండదు. గాలి 7 పీఎస్ఐ దగ్గర ఉంచగలగడం వెనక గుడ్‌ఇయర్ ప్రత్యేకంగా తయారు చేసే టైరు నిర్మాణం ఉంది. ఆ అంకెను ఇంకే బండికీ తేవడానికి వీల్లేదు.

బయాస్ స్లిక్కులకు ఒక ప్రమాదకరమైన గుణం ఉంది, టైర్ షేక్. టార్క్ ఒక స్థాయిలో ఉన్నప్పుడు టైరు పూర్తిగా పట్టుకోనూ లేక, సాఫీగా జారనూ లేక, సైడ్‌వాల్ పోగుపడి విడుచుకుంటూ కారంతటినీ భయంకరంగా అదురుస్తుంది. కళ్లు మసకబారేంత అదురు. 2007 మార్చిలో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో టెస్ట్ పరుగు తీస్తుండగా ఫన్నీ కార్ (ఇంకో వేగమైన డ్రాగ్ రేసు తరగతి) డ్రైవర్ ఎరిక్ మెడ్లెన్ ఇలాంటి తీవ్రమైన అదురు వల్ల తలకు తగిలిన గాయాలతో కొద్ది రోజులకు చనిపోయారు. ఆ తర్వాత డ్రైవర్ల తల చుట్టూ ఉండే రక్షణ ఏర్పాట్లలో మార్పులు వచ్చాయి. పట్టు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టకూడదు.

సరైన అంకెను పట్టుకోవడం

పద్ధతి మొత్తం రెండు మాటల్లో చెప్పొచ్చు: ఒకసారికి ఒక్కటే మార్చాలి, ప్రతిదీ రాసుకోవాలి. తయారీదారు చెప్పిన శ్రేణిలో పై అంచు దగ్గర మొదలుపెట్టి అర పీఎస్ఐ చొప్పున దించుతూ 60 అడుగుల సమయం చూడాలి. సమయం మెరుగుపడటం ఆగిన చోట, లేదా చివర్లో కారు ఊగడం మొదలైన చోట, ఆగి ఒక మెట్టు వెనక్కి రావాలి. గాలి ఒత్తిడితో పాటు ట్రాక్ ఉష్ణోగ్రత, సమయం, బర్న్‌అవుట్ ఎంతసేపు, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వదిలారు అన్నవి రాసి పెట్టుకోకపోతే ఆ పరుగు వల్ల నేర్చుకునేది ఏమీ ఉండదు.

టైమ్ స్లిప్ చెప్పనిది నేల మీది మరక చెబుతుంది. మరక రెండు అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా ఉంటే గాలి తక్కువ. మధ్యలో ముదురుగా, అంచులు లేతగా ఉంటే ఎక్కువ. వెడల్పంతా ఒకే రంగులో ఉంటే సరిపోయింది. తెగితెగి చుక్కల్లా ఉంటే టైరు ఎగురుతోందనో, షేక్ మొదలైందనో అర్థం. గీత దగ్గర బాగుండి కొన్ని అడుగుల తర్వాత మరక ముదిరితే టైరుది తప్పు కాదు, అక్కడ టార్క్ ఎక్కువైంది. డేటా లాగర్ (కొలతలు నమోదు చేసే పరికరం) ఉంటే డ్రైవ్‌షాఫ్ట్ వేగం గీత ఇదే విషయాన్ని అంకెల్లో చూపిస్తుంది.

పట్టు మరీ ఎక్కువైనా చిక్కే. ఇంజిన్ ఆర్‌పీఎం ఒక్కసారిగా పడిపోయి కారు చతికిలబడుతుంది, లేదా జారే దారి లేని బలం గేర్‌బాక్సునో యాక్సిల్‌నో విరగ్గొడుతుంది. తక్కువ టార్క్ ఉన్న మాన్యువల్ కారుకు అర పీఎస్ఐ పెంచి కొంచెం జారనిస్తేనే మంచి సమయం రావడం వింతేమీ కాదు.

మన దగ్గర

దేశంలో నిబంధనల ప్రకారం జరిగే డ్రాగ్ రేసులు కొన్నే ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటైలోని సర్క్యూట్‌లో మోటార్‌సైకిల్ డ్రాగ్ పోటీలు, మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే వ్యాలీ రన్ వాటిలో తెలిసినవి. ఎయిర్‌స్ట్రిప్‌కూ జిగురు చల్లిన అమెరికా ట్రాక్‌కూ పోలికే లేదు. నేల గరుకు, దుమ్ము, ఎండ ఎక్కువ. అక్కడి గాలి అంకెలు, లాంచ్ ఆర్‌పీఎంలు ఇక్కడ తప్పుతాయి. లాంచ్‌లో టార్క్ తగ్గించుకోవడానికే ఇక్కడ ఎక్కువ విలువ.

బైకులకు ఇంకో హద్దుంది, ముందు చక్రం లేవడం. మనిషి కూర్చున్నాక గురుత్వ కేంద్రం వెనక చక్రం తాకే చోటుకు 70 సెంటీమీటర్లు ముందు, 65 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే, 1.08 జీ దగ్గరే ముందు చక్రం నేల వదులుతుంది. ఎంత మంచి టైరు వేసినా దీన్ని దాటలేదు. డ్రాగ్ బైకుల్లో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే భాగం) పొడిగించడం, సస్పెన్షన్ కిందికి దించి కట్టేయడం, వీలీ బార్ (ముందు చక్రం లేవకుండా వెనక ఆనే కడ్డీ) పెట్టడం ఆ హద్దును పెంచడానికే. అంటే ఆ మార్పులు చేయని బైకుకు, పొడి నేల మీద, మామూలు టైరే చాలావరకు సరిపోతుంది. గాలి తగ్గించడం వల్ల ఒరిగేది స్వల్పం.

హైదరాబాద్‌లో ఐటీ కారిడార్ రోడ్ల మీద రాత్రిళ్లు జరిగే బైకు రేసుల మీద పోలీసులు కేసులు పెడుతున్న వార్తలు తరచూ వస్తున్నాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం రోడ్ల మీద పందేలు నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. మళ్లీ దొరికితే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా. చట్టం సంగతి అలా ఉంచినా, ట్రాక్ సెట్టింగ్ రోడ్డు మీద పనిచేయదు. తక్కువ గాలితో దూరం నడిపితే సైడ్‌వాల్ ప్రతి చుట్టులో వంగి లేస్తూ వేడెక్కుతుంది, ఆ వేడికి టైరు పేలుతుంది. గాళ్లు లేని స్లిక్కు, గాళ్లు నామమాత్రంగా ఉన్న డ్రాగ్ రేడియల్ వాన నీటిని పక్కకు తోయలేక నీటి పొర మీద తేలిపోతాయి. డ్రాగ్ స్ట్రిప్‌కు సొంత కారు నడుపుకుంటూ వెళ్లి పరుగెత్తేవాళ్లు తిరిగి బయల్దేరే ముందు చేసే మొదటి పని, రోడ్డు టైర్లు బిగించుకుని, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీదున్న అంకెకు గాలి నింపుకోవడం.